బాట, బస్సు, ఆరోగ్యము: విదేశ నగరముల నుండి మన పంచాయతీలు గ్రహింపదగినవి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



విదేశ నగరముల సంగతులు పల్లెవాసులమైన మనకేల అను ప్రశ్న సహజముగా కలుగును. ఆ నగరముల జనసంఖ్య లక్షలలో నుండును. వాని రాబడి కోట్లలో నుండును. వీధిదీపముల బిల్లు చెల్లించిన పిదప మన పంచాయతీ ఖాతాలో మిగులునది ఎంతయో మనకందరకును తెలియును. కావున వారి ఐశ్వర్యమును చూచి అబ్బురపడుట వలన మనకు లాభము లేదు. అయితే ధనము చాలని దినములలో, ఉన్న వీధులతోడనే, ఉన్న మనుష్యులతోడనే వారిలో కొందరు ఏ విధముగా పని సాధించిరో తెలిసికొనుట మనకు మిక్కిలి ఉపయోగకరము.

రాకపోకలు ఒక శాఖ పని, ఆరోగ్యము వేరొక శాఖ పని, చెత్తయు నీరును ఇంకొక శాఖ పని అని వేరుచేసి తలంచుట మనకు వాడుక. కాని నడచుటకు బాట లేని ఊరిలో జనులు నడువరు. నడక మానిన దేహమును మధుమేహము, రక్తపోటు త్వరగా పట్టుకొనును. చెత్తతో పూడిన మురుగుకాలువ దోమలకు పుట్టినిల్లగును. బస్సు రాని ఊరి రోగి ఆసుపత్రికి ఆలస్యముగా చేరును. ఇవి మూడును ఒకే త్రాటి పేటలు. ఈ సంగతిని ఆచరణలో చూపిన కొన్ని తావులను గూర్చి మనవి చేసెదము.

కురిటీబా చూపిన మార్గము

దక్షిణ బ్రెజిలు దేశమున పరానా రాష్ట్రమునకు రాజధాని కురిటీబా. 1971లో జైమె లెర్నర్ అను వాస్తుశిల్పి ఆ నగరమునకు మేయరయ్యెను. మరుసటి సంవత్సరమున నడిబజారులోని ఒక ముఖ్య వీధిని కార్లకు మూసి, పాదచారులకు విడిచిపెట్టవలెనని ఆయన నిశ్చయించెను. అంగళ్ల వారు తమ బేరములు చెడిపోవునని ఎదురు తిరిగిరి. పనివారు శుక్రవారము సాయంకాలము ప్రారంభించి సోమవారము నాటికి ఆ వీధి రూపు మార్చివేసిరి. జనులు నిలుచుటకు, కూర్చుండుటకు చోటు దొరకగా వ్యాపారము పెరిగెను. అప్పుడు వద్దన్నవారే తమ వైపునకు గూడ పొడిగింపుడని కోరిరి.

భూగర్భ రైలు వేయుటకు ఆ నగరమునకు ధనము లేకపోయెను. ఉన్న రోడ్ల నడుమ బస్సులకు ప్రత్యేకమైన దారిని కేటాయించి 1974లో వేగపు బస్సులను నడుప నారంభించిరి. 1991లో గొట్టపు ఆకారముగల బస్సు స్టేషనులు కట్టిరి. ప్రయాణికులు ముందుగానే ఛార్జీ చెల్లించి లోపల నిలుతురు. స్టేషను అరుగును బస్సు అడుగుభాగమును ఒకే ఎత్తున నుండును. ముసలివారు, కుంటివారు, చంటిబిడ్డల తల్లులు మెట్టు ఎక్కనక్కరలేదు. బస్సు ఆగు కాలము క్షణములకు తగ్గెను. రైలు వలన కలుగు సౌకర్యములో అధిక భాగమును అందులో కొద్దిపాటి వెలకే వారు పొందిరి.

చెత్తకు మారుగా కూరగాయలు

ఆ నగరపు పేదవాడలలో సందులు ఇరుకైనవి. చెత్తబండి లోనికి పోజాలదు. చెత్త వాగులలో పడి రోగములు ప్రబలుచుండెను. బండి లోనికి పోలేనప్పుడు చెత్తయే బండి కడకు రావలెను గదా! 1989 మొదలు, చెత్తను మూటకట్టి వీధి మొదటికి తెచ్చిన వారికి బస్సు టిక్కెట్లను, ఆహార పదార్థములను ఇచ్చు పద్ధతి పెట్టిరి. 1991లో ఇది మరికొంత విస్తరించినది: తిరిగి వాడదగిన కాగితము, గాజు, లోహము మున్నగు వస్తువులు 4 కిలోలు తెచ్చిన వారికి 1 కిలో పండ్లు, కూరగాయలు. ఆ కూరగాయలను పరిసరములందలి చిన్న రైతుల వద్ద, మిగిలిపోయిన పంట నుండి నగరము కొనెను. వాడ శుభ్రపడెను; పేద ఇంటిలో కూర ఉడికెను; రైతుకు గిరాకి కలిగెను. ఒక్క ఖర్చుతో మూడు పనులు నెరవేరినవి.

ఇంకొక మాటయు చెప్పవలెను. తరువాతి దశాబ్దములలో కురిటీబాలో కార్లు విపరీతముగా పెరిగినవి. బస్సు ప్రయాణికులు తగ్గిరి. మంచి ఏర్పాటైనను ఏటేట కనిపెట్టి పెంపు చేయనిచో వెనుకబడును. చెరువు త్రవ్వినంత మాత్రమున చాలదు, పూడిక తీయుచుండవలెను.

పిల్లల ప్రాణముల కొరకు

హాలండు దేశము నేడు సైకిళ్లకు పేరుపొందినది. అది ఆనాటి నుండియు అట్లే ఉండెనని అనుకొనరాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చటను కార్లకై వీధులు వెడల్పు చేసిరి, సైకిలు బాటలు తీసివేసిరి. 1971లో ఆ చిన్న దేశమున సుమారు 3,300 మంది రోడ్డు ప్రమాదములలో మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకొన్న ఒక పాత్రికేయుడు 1972లో వ్రాసిన వ్యాసము దేశమును కదల్చినది. "పిల్లల హత్యలు ఆపుడు" అను పేరుతో తలిదండ్రులు సంఘముగా ఏర్పడిరి, వీధులలో బైఠాయించిరి, పిల్లలు ఆడుకొనుటకు వీధులను మూయించిరి. 1973లో చమురు సంక్షోభము రాగా, ప్రభుత్వము కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని శాసించెను. కార్లు లేని వీధి ఎట్లుండునో జనులు కన్నులార చూచిరి.

పిమ్మట నివాస వీధులలో కార్లు మనిషి నడకతో సమానముగా పోవలెనని 1976లో నిబంధన వచ్చినది. సైకిళ్లకు వేరు బాటలు వేసిరి. ఇది ఒక్క దినమున జరిగినది కాదు, ఏబది ఏండ్ల కృషి. ఇటీవలి సంవత్సరములలో అచ్చటి రోడ్డు మరణములు ఏడాదికి 800 లోపుననే ఉన్నవి.

మన లెక్కయు చూచుకొందము. భారతదేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది ఏ వాహనమును ఎక్కక కాలినడకన పోవుచుండినవారు. ఊరిని చీల్చుకొని పోవు రహదారిని దాటి బడికి పోవు పిల్లలు గల పంచాయతీలకు ఈ అంకె అర్థమును వేరుగా వివరింపనక్కరలేదు.

ఆదివారపు బాటలు

కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో 1974లో ఒక ప్రయోగము ఆరంభమైనది. ప్రతి ఆదివారమును, సెలవు దినమునను ఉదయము 7 గంటల నుండి మధ్యాహ్నము 2 గంటల వరకు ముఖ్యమైన రోడ్లను మోటారు వాహనములకు మూసి, నడచువారికిని, సైకిలు త్రొక్కువారికిని విడుతురు. నేడు ఇట్టి రోడ్ల పొడవు 120 కిలోమీటర్లకు మించినది. ఇందులకై కొత్త రోడ్డు ఒక్క గజమైనను వేయలేదు. అడ్డుకంచెలు, కొందరు కార్యకర్తలు, ఒక గట్టి నిర్ణయము చాలినవి. ఈ కార్యక్రమమునకగు ఖర్చునకు మూడింతలకు పైగా ఆరోగ్య వ్యయము మిగులుచున్నదని 2012లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము తేల్చినది.

ఆరోగ్యము కొరకు పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములైనను చురుకుగా నడచుట వంటి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడిరని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో వెల్లడించినది. పొలము పనిలో యంత్రములు వచ్చినవి, వీధి చివరకును మోటారు సైకిలు వచ్చినది. కావున ఇది పట్టణముల వారి రోగమని మనము నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.

పౌరులు నడుపు బస్సు

నగరములనే గాక పల్లెల మాటయు చెప్పెదము. ఇంగ్లండు, హాలండు దేశములలో 1970 దశకమున, జర్మనీలో 1985లో హేక్, లెగ్డెన్ అను పల్లె ప్రాంతమున, గ్రామస్థులే బస్సు నడుపుకొను పద్ధతి మొదలైనది. పెద్ద బస్సు నడుపుటకు గిట్టుబాటు కాని దారిలో, ఎనిమిది మంది ప్రయాణికులు పట్టు చిన్న బండిని, ఊరివారే జీతము తీసికొనక వంతులవారీగా నడుపుదురు. బస్సు వేళలు ముందే ప్రకటింతురు. సంతకు, వైద్యునికడకు, రైలు స్టేషనుకు పోవు వృద్ధులకు ఇది చేతికఱ్ఱ వంటిది.

దీనిని ఉన్నదున్నట్లు అనుకరింపుడని మేము చెప్పుట లేదు. మన చట్టము ప్రకారము సొంత బండిలో కిరాయికి మనుష్యులను ఎక్కించుట చెల్లదు. అయితే దానిలోని సూత్రము గ్రహింపవచ్చును: ఎవరికి, ఏ దినమున, ఎచ్చటికి పోవలసియున్నదో ఊరు ముందుగా కూర్చుండి లెక్క తీసినది, ఆ లెక్కకు తగిన బండిని ఏర్పరచుకొన్నది.

మన చేతిలోని పని

మన ప్రాంతమునకు ప్రజా రవాణా కొత్త కాదు. 1932లోనే నిజాము రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వ బస్సు సర్వీసు ఆరంభమైనది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ పథకములు ప్రారంభమైనవి. కాని బస్సే రాని ఊరి స్త్రీకి ఉచిత టిక్కెట్టు వలన ఫలమేమి? ఇంటి నుండి బస్సు నిలుచు చోటి వరకు గల బాట చీకటిగా, బురదగా ఉన్నచో ఆమె బయలుదేరుటెట్లు? ఆ బాట బాధ్యత మనది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకై పేర్కొనిన 29 అంశములలో రోడ్లు, కల్వర్టులు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు.

కావున నాలుగు పనులను సూచించుచున్నాము. మొదటిది, వార్డు సభ్యులు ఇల్లిల్లు తిరిగి, బడికి, కళాశాలకు, సంతకు, నెలనెల మందులకు పోవువారి పట్టిక తయారు చేయవలెను. ఆశా కార్యకర్తయు, స్వయం సహాయక సంఘముల స్త్రీలును ఇందుకు తోడ్పడుదురు. బస్సు కావలెనని డిపో మేనేజరుకు వ్రాయునప్పుడు ఆ పట్టికను జతపరచినచో అర్జీకి బలము చేకూరును. రెండవది, బస్సు వీలుకాని చోట, అనుమతి గల ఆటోల వారితో మాట్లాడి, ఆసుపత్రి దినములలో నిర్ణీత వేళకు, నిర్ణీత ఛార్జీకి బండి నడుచునట్లు ఒప్పుదల చేసికొనవలెను. మూడవది, బడి పెట్టు వేళను, విడుచు వేళను బడి వీధిలో బండ్లు పోకుండ ఒక నెల ప్రయోగముగా ఆపి చూడవలెను. వేరు దారి లేని వారి ఇబ్బందులు ముందుగానే వినవలెను. పెద్ద రహదారిపై వేగమును అరికట్టు ఏర్పాటు మన అధికారములో లేదు; కాని గ్రామసభ తీర్మానముతో సంబంధిత శాఖను అడుగుట, బదులు వచ్చువరకు మరల మరల అడుగుట మన విధి. నాలుగవది, పొడి చెత్తను వేరుచేసి తెచ్చిన ఇంటికి ఏదో ఒక ప్రతిఫలము ముట్టునట్లు చూడవలెను.

వీనిలో ఏ ఒక్కటియు కోట్ల పని కాదు. కురిటీబాలో అంగళ్ల వారు మొదట వద్దనిరి. హాలండులో కార్ల యజమానులు గొణిగిరి. మన ఊళ్లలోను అరుగు ముందుకు జరిపినవారు, వీధిలో ట్రాక్టరు నిలుపువారు వద్దందురు. వారును మనవారే. వారితో కోపగించుకొనక, పని చేసి చూపి ఒప్పింపవలెను. రాబోవు గ్రామసభలో ఈ నాలుగింటిలో ఒక్కదానినైనను చర్చకు పెట్టి, తీర్మానము వ్రాసి, దానికి తేదీయు బాధ్యుని పేరును చేర్చుడని కోరుచున్నాము. పిల్లవాడు బడికి పోయి క్షేమముగా తిరిగివచ్చుట, అవ్వ ఒకరి కాళ్లు పట్టుకొనక ఆసుపత్రికి పోయి వచ్చుట: మన పాలనకు గీటురాళ్లు ఇవియే.