కారును జరిపే ముందు నేలను చూద్దాం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల నుంచి వచ్చిన మెకానిక్ అన్నలకు, వెల్డింగ్ షాపుల తమ్ముళ్లకు, సొంత బండి పని ఇంటి షెడ్డులోనే చేసుకునే మిత్రులకు స్వాగతం.

నాకు ఇచ్చిన విషయం చిన్నదే. స్టార్టు కాని కారును, చక్రం తిరగని కారును షెడ్డులో జరపడానికి టైర్ల కింద పెట్టే వీల్ డాలీలు ఎట్లా ఎంచుకోవాలి? దీని అవసరం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద గుద్దుకున్న బండిని షెడ్డులో దింపి పోతారు. ముందు చక్రం వంకర పోయి మడ్‌గార్డుకు ఆనుకొని ఉంటుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ రావాలి, స్పేరు పార్టులు రావాలి. అప్పటిదాకా ఆ బండి వెనకున్న బండి బయటికి రాదు. ఇండ్లల్లోనూ ఇదే తిప్పలు. నూట యాభై గజాల ప్లాటులో ఇల్లు, కింద సెల్లారు, పిల్లర్ల నడుమ రెండు కార్లు. ఆటోమేటిక్ బండి గేరు పార్కులో ఉండగా బ్యాటరీ దిగిపోతే పదిమంది తోసినా కదలదు.

బరువును దొర్లించి జరపడం మనోళ్లకు తెలిసిన విద్యే. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పెద్ద మోటార్లను ఇనుప పైపుల మీద పెట్టి, గడ్డపారలతో నెట్టుకుంటూ జరుపుతారు. అయితే పైపు ముందుకో వెనక్కో మాత్రమే దొర్లుతుంది. డాలీకి ఉన్న నాలుగు చిన్న చక్రాలూ ఎటు నెడితే అటు తిరుగుతాయి. అందుకే ఇరుకులో కారును అడ్డంగా కూడా జరపగలుగుతాం. అందుకే మన చేయి జారితే అది ఎటైనా పోగలదు. డాలీ సౌకర్యం, డాలీ ప్రమాదం రెండూ ఆ ఒక్క గుణంలోనే ఉన్నాయి.

చాలామంది దుకాణానికి పోయి మొదట ధర అడుగుతారు, తర్వాత ఎన్ని టన్నులు మోస్తుందని అడుగుతారు. నా లెక్కలో మొదట చూడాల్సింది నేల.

అందులో మొదటిది వాలు. మన పోర్టికోలు, షెడ్లు వాన నీళ్లు గేటు దిక్కు పోయేటట్టు వాలుగా కడతారు. అరవై అడుగులకు ఒక అడుగు వాలు కంటికి ఆనదు. కానీ వెయ్యి కిలోల కారును ఆ వాలు దాదాపు 17 కిలోల బలంతో కిందికి గుంజుతుంటుంది. మంచి బేరింగులున్న డాలీ మీద కారు కదలడానికి అంత బలం చాలు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసినా లాభం లేదు. బ్రేకు పట్టుకునేది టైరును. టైరేమో నేల మీద లేదు, డాలీ మీద ఉంది. గేరులో పెట్టినా ఇంతే. కాబట్టి ముందు ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. లెవల్ పైపుతో కొలిస్తే ఇంకా మంచిది. బాగా వాలున్న పోర్టికోకు డాలీ పనికిరాదు. గేటు ర్యాంపు మీద అసలే వద్దు.

రెండోది నేల పైభాగం. మన దగ్గర తాండూరు బండలు, షాబాదు బండలు, పార్కింగ్ టైల్స్, ఉత్త సిమెంటు గచ్చు, అన్నీ ఉన్నాయి. బండకూ బండకూ మధ్య సందులో చిన్న చక్రం దిగబడుతుంది. ఒక లెక్క చెప్తాను. ఒక్కో చిన్న చక్రం మీద 75 కిలోల బరువు ఉందనుకోండి. అది 5 మిల్లీమీటర్ల ఎత్తున్న అంచు ఎక్కాలి. మూడు అంగుళాల చక్రమైతే సుమారు 43 కిలోల బలం కావాలి. అయిదు అంగుళాల చక్రానికి సుమారు 32 కిలోలు చాలు. నున్నటి గచ్చు మీద మూడు అంగుళాలతో పని నడుస్తుంది. సందులున్న బండల మీద నాలుగో అయిదో అంగుళాల చక్రాలు తీసుకోండి. లేదంటే దారి పొడవునా మందపాటి ప్లైవుడ్ గానీ ఇనుప రేకు గానీ పరవండి.

టైల్స్ ఉన్నచోట వేలితో కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద సిమెంటు సరిగ్గా పట్టలేదన్నట్టు. కారు టైరు ఆనే జాగా అరచేయంత ఉంటుంది. డాలీ చక్రం ఆనేది సన్నని గీత మాత్రమే. బరువంతా అక్కడే పడి టైల్ పగులుతుంది. ఇనుప చక్రాలు తేలికగా దొర్లుతాయి గానీ బండల అంచులు లేపుతాయి. మెత్తని రబ్బరు చక్రాలు నెలల తరబడి బరువు మోస్తే ఒక పక్క చదునవుతాయి. పాలీయురేథేన్ చక్రాలు ఈ రెంటికీ మధ్యస్థం. మన నేలలకు నేను చెప్పేది అవే.

ఇప్పుడు బరువు సంగతి. ఆర్సీ కార్డు మీద బండి ఖాళీ బరువు రాసి ఉంటుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే సరిపోదు. ఇంజను ముందుండి ముందు చక్రాలతో నడిచే కార్లలో సుమారు అరవై శాతం బరువు ముందే పడుతుంది. వెయ్యి కిలోల కారైతే ముందు చక్రం ఒక్కోదాని మీద 300, వెనక 200 కిలోలన్నమాట. ఇంకా కచ్చితంగా కావాలంటే మనకు కాంటాలకు కొదవ లేదు. రైసు మిల్లు కాంటా దగ్గరికో జిన్నింగు మిల్లు కాంటా దగ్గరికో పోయి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం తీసుకోండి. వచ్చిన బరువులో సగం ఒక్క చక్రానిది.

దానికి రెండింతలు మోసే డాలీ కొనండి. రెండింతలు ఎందుకని అడగొచ్చు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు డాలీల మీదా బరువు సమంగా పడదు. ఎదురుమూలల్లో ఉన్న రెండే ఎక్కువ భారం మోస్తాయి. ఒక్క డాలీకి ఉన్న నాలుగు చక్రాల్లోనూ ఒకటి గాల్లో ఉండొచ్చు. ఇంకో మాట. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె ఒక్క డాలీదా, జతదా, నాలుగింటిదా అని గట్టిగా అడగండి. బయటి దేశం సరుకైతే లెక్క పౌండ్లలో ఉండొచ్చు. కిలోకు 2.2 పౌండ్లు. ఆరు వేల పౌండ్ల నాలుగు డాలీల సెట్టు అంటే ఒక్కోటి మోసేది సుమారు 680 కిలోలే.

రకాలు ముఖ్యంగా రెండు. ఒకటి పళ్లెం రకం. జాకీతో కారును లేపి, టైరు కింద పళ్లేన్ని తోసి దింపాలి. చవక, గట్టిది. కానీ జాకీ పని ఉంటుంది. నున్నటి బండ మీద బండితో వచ్చే స్క్రూ జాకీ జారుతుంది కాబట్టి హైడ్రాలిక్ ట్రాలీ జాకీ వాడండి. ఒక టైరు ఎక్కించి రెండోది లేపేటప్పుడు నేల మీదున్న టైర్లకు రెండు దిక్కులా అడ్డం చెక్కలు పెట్టి తీరాలి.

రెండోది పెడలు రకం. రెండు రోలర్లు టైరును ముందూ వెనకా పట్టుకుంటాయి. కాలితో పెడలు తొక్కుతుంటే దగ్గరికి వచ్చి టైరును పైకి లేపుతాయి. జాకీ అక్కర్లేదు. రోజూ బండ్లు జరిపే షెడ్డుకు ధర ఎక్కువైనా ఇదే నయం. కొనేముందు టైరు పక్కన ఉన్న అంకె చదవండి. 165 అని ఉంటే 165 మిల్లీమీటర్ల వెడల్పు. థార్ లాంటి బండికి 255 ఉంటుంది, అంటే పది అంగుళాలు. తొమ్మిది అంగుళాల రోలరులో అది పట్టదు. గాలి పోయిన టైరుకు ముందు గాలి కొట్టాకే రోలర్లు బిగించండి.

వెల్డింగ్ తమ్ముళ్లకు ఒక సూచన. పళ్లెం రకం మీరే చేయొచ్చు. చక్రాలు రాణిగంజ్ బజారులో దొరుకుతాయి. పళ్లెం కింద చక్రాలు బిగిస్తే ఎత్తు పెరిగి, కారును మరీ పైకి లేపాల్సి వస్తుంది. చక్రాలను నాలుగు మూలలా బయటికి తీసి బిగించి, పళ్లెం నేలకు అంగుళం ఎత్తులో ఉండేటట్టు కట్టండి. ఒరిగే భయమూ తగ్గుతుంది. లాక్ ఉన్న చక్రాలే వేయండి.

అందరికీ నాలుగు డాలీలు అవసరం లేదు. వెనక టైర్లు నేల మీదే ఉంచి, ముందు రెంటికీ డాలీలు పెడితే కారు మూతిని పక్కకు తిప్పొచ్చు. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకే కాబట్టి జరిపాక అది పనికొస్తుంది. ఇంటికి రెండు చాలు, షెడ్డుకు నాలుగు.

డాలీ మీద కారు ఉండగా ఇంజను స్టార్టు చేయొద్దు, కిందికి దూరొద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. కింద పని ఉంటే స్టాండ్లు వేసుకోండి.

అన్నలారా, రేపు షెడ్డుకు పోయి మూడు పనులు చేయండి. నేల మీద నీళ్లు పోసి వాలు చూడండి. ఆర్సీ తీసి బరువు రాసుకోండి. టైరు మీది అంకె రాసుకోండి. ఈ మూడూ చేతిలో లేకుండా ఎవరూ డాలీ కొనొద్దని నా మనవి.