కుండ వెనుకనున్న పేరు

(పాఠశాల వార్షికోత్సవమున మృణ్మయ కళాప్రదర్శనమును ప్రారంభించుచు ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాస పాఠము)

 

ప్రదర్శనశాల తలుపులు తెఱచుటకు ముందు మా తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

నిరుటి వార్షికోత్సవమునకు ముద్రించిన ఆహ్వానపత్రికపై ఒక మట్టికూజా బొమ్మను వేయించితిమి. బూడిదవన్నె మేనిమీద నీలిరంగు మెఱుగు జాఱి నడుముకడ నిలిచిన కూజా యది. అంతర్జాలమున మా కంటబడినది, అందముగా నున్నది, తీసికొంటిమి. పత్రికయందు సంఘము పేరు వేయించితిమి, ప్రార్థన పాడు పిల్లల పేర్లు వేయించితిమి, అడుగున ముద్రణాలయము పేరును వేయించితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆ పత్రికను చేతబట్టుకొని మా గదికి వచ్చి, “మాస్టారూ, ఈ కూజా ఎవరు చేశారండీ?” అని యడిగినది. “ఎవరో ఒక కళాకారుడమ్మా” అంటిమి. “ఆడవాళ్ళో మగవాళ్ళో కూడా తెలీదాండీ?” అని మఱల నడిగినది. మాకు మాట రాలేదు.

ఆ బాలికయు, ఆమె స్నేహితురాండ్రు ముగ్గురును బడి విడిచిన పిమ్మట వారము దినములు కంప్యూటరు గదిలో కూర్చుండి ఆ పేరు కొఱకు వెదకిరి. ఆ బొమ్మ ఒకచోట తెరగుడ్డల ప్రకటనలో నుండెను. మఱియొకచోట ఎవరో చెప్పిన నీతివాక్యము వెనుక నుండెను. వేఱొకచోట భోజనశాల ధరల పట్టికపై నుండెను. పేరు మాత్రము ఎక్కడను లేదు. ఇప్పటికిని తెలియదు. మట్టిని పిసికి, సారెపై నెత్తి, నిప్పులో కాల్చి ఒకరు చేసిన వస్తువును వేలమంది చూచిరి. చేసినవారిని ఎవరును చూడలేదు. ఆ వేలమందిలో మేమును ఒకరము. ఆ బాకీ తీరునది కాదు గాని, ఆ పిల్లల వెదకులాటనుండియే నేటి ప్రదర్శనము పుట్టినది.

అంతర్జాలము లేని దినములలో ఇట్టి వెదకులాట యెట్లు సాగెనో ఒక కథ చెప్పెదము. 1976లో అమెరికా దేశమున, న్యూమెక్సికో రాష్ట్రములోని డెమింగ్ అను పట్టణమున, పాతసామానుల దుకాణములో స్పెన్సర్ మెక్కాలమ్ అను మానవశాస్త్రజ్ఞుడు మూడు కుండలను చూచెను. వాటిపై సంతకము లేదు. సన్నని గీతలు, పలుచని అంచులు చూచి అబ్బురపడి కొనెను. కొని యూరకుండక, వాటి ఛాయాచిత్రములను చేతబట్టుకొని సరిహద్దు దాటి మెక్సికోకు పోయి, ఊరూర అడుగుచు మాతా ఓర్తిస్ అను చిన్న పల్లెలో హువాన్ కెసాదా అనువాని ఇంటికి చేరెను.

ఆ కెసాదా 1940లో పుట్టినవాడు. కట్టెలకై కొండలకు పోవునపుడు పాకిమే అను ప్రాచీన నగరపు ప్రజలు విడిచిన కుండపెంకులను ఏఱుకొని, గురువెవడును లేక, ఏ మట్టి పగులదో, ఏ రాయి నూఱిన ఏ రంగు వచ్చునో, తల వెండ్రుకలతో కుంచె యెట్లు కట్టవలెనో తానే కనిపెట్టెను. మెక్కాలమ్ కొన్ని సంవత్సరములు ఆయనకు నెలనెలకు ధనమిచ్చి, పనికి తీరిక కల్పించి, అమెరికాలో ప్రదర్శనములు జరిపించెను. కెసాదా తన విద్యను ఇంటివారికిని, ఇరుగుపొరుగువారికిని నేర్పెను. ఆ పల్లెలో వందలమంది కుండలు చేసి బ్రదుకువారైరి. 1999లో మెక్సికో ప్రభుత్వము ఆయనకు జాతీయ పురస్కార మిచ్చెను. 2022లో ఆయన కన్నుమూసెను. “ఇది ఎవరు చేసిరి?” అని ఒక్కడు అడిగినందున ఒక ఊరు నిలిచినదని మనవి.

“పేరేల? వస్తువు బాగుండిన చాలదా?” అని కొందఱు అనవచ్చును. ఈ మాటకు పెద్దల అండయు కలదు. జపానులో యనాగి సోయెత్సు అను పండితుడు పేరెఱుగని పనివాని చేతిలోనే నిజమైన అందమున్నదని బోధించెను. ఆయన మిత్రుడు హమదా షోజి తన కుండలపై సంతకము చేయుట మానుకొనెను. వారితో పరిచయము గలిగి, జపానులో విద్య నేర్చివచ్చిన సర్దార్ గురుచరణ్ సింగ్ మన దేశమున నవీన కుంభకళకు ఆద్యుడని పేరొందెను. 1952లో ఢిల్లీలో కార్మికశాల స్థాపించెను. అయితే ఒక్క సంగతి గమనింపుడు. సంతకము మానుకొన్న హమదా పేరు లోకమంతయు ఎఱుగును. ఆయన దేశము 1955లో ఆయనను సజీవ జాతీయనిధిగా గౌరవించెను. పేరును తానై వదలుకొనుట వైరాగ్యము. ఒకని పేరును ఇతరులు వదలివేయుట అశ్రద్ధ. రెండును ఒకటి కావు.

మన తెలుగువారి చరిత్రయు ఇట్టిదే. కొండాపురము త్రవ్వకములలో శాతవాహనుల నాటి నాణెములును దొరికినవి, మట్టిబొమ్మలును దొరికినవి. నాణెముపై రాజు పేరున్నది; బొమ్మపై చేసినవాని పేరు లేదు. కుమ్మర మొల్ల అని లోకము పిలుచుకొన్న కవయిత్రి పేరు రామాయణముతో నిలిచినది. ఆమె ఇంటివారి సారెపై లేచిన కుండ ఒక్కటియు పేరుతో నిలువలేదు. అప్పుడు సాధనములు లేవు. ఇప్పుడు ప్రతి యింట చేతిలోనే యున్నవి.

ఆ పిల్లలు వెదకగా మనకు దగ్గఱనే ఎంత సంపద యున్నదో తెలిసినది. పుదుచ్చేరిలో 1971లో డెబోరా స్మిత్, రే మీకర్ అను అమెరికా దేశస్థులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించిరి. మన ఇంటి కుండ తక్కువ వేడిమిలో కాలును. దాని మేనినుండి నీరు ఊరి ఆవిరియగుటచేత లోనినీరు చల్లబడును. అక్కడివారు సరుగుడు కట్టెలతో సుమారు 1,250 డిగ్రీలకు పైబడిన వేడిమిలో కాల్చి, నీరూరని గట్టి పాత్రలు చేసిరి. అచ్చట నేర్చినవారు దేశవిదేశములందు కళాకారులై వెలసిరి. ఆ పుదుచ్చేరి చెంతనే విల్లియనూరులో టెర్రకోట బొమ్మలు చేయు మునుస్వామిగారికి 2020లో పద్మశ్రీ లభించినది. 1944లో తెలుగునాట పుట్టి, హైదరాబాదులోను పిమ్మట బరోడాలోను చదివిన పి.ఆర్. దరోజ్‌గారు గోడలంత విశాలమైన మృణ్మయ శిల్పములు నిర్మించి పేరొందిరి. ఆరుగురు కళాకారులు పూనుకొని 2018లో జయపురమునందు మొదటి భారతీయ సిరామిక్ త్రైవార్షిక ప్రదర్శనమును, 2024లో ఢిల్లీయందు రెండవదానిని జరిపించిరి. ఈ పేర్లలో ఎన్నింటిని మనము ఇంతకుముందు వింటిమి?

కావున విద్యార్థులారా, ఈ యేడు మనము నేర్చిన నియమములను మఱల చెప్పెదము. మొదటిది: అంతర్జాలమున బొమ్మ కనబడినపుడు అది మొదట వెలువడిన చోటును వెదకుడు. బొమ్మనే చూపి వెదకు సాధనములు కలవు. కాని అవి ముందుగా చూపినదే మూలమని నమ్మవలదు. కళాకారుల సొంత పుటను గాని, ప్రదర్శనముల పట్టికను గాని చూచి నిర్ధారించుకొనుడు. రెండవది: వాడుకొనుటకు ముందు అనుమతి యడుగుడు. మూడవది: బొమ్మ క్రింద చేసినవారి పేరు, ఊరు, మట్టి, కాల్చిన విధము, కొలత వ్రాయుడు. అరచేతిలో నిముడు గిన్నెయు, మనిషి యెత్తు గాబును తెరపై ఒకే పరిమాణమున కనబడును గదా! నాలుగవది: ఆ నాలుగు మాటలు తెలుగునను వ్రాయుడు. ఈ కళను గూర్చి మన భాషలో వ్రాతలు చాలవు. అయిదవది పెద్దలకు: మెప్పుగుర్తులు ఆమును వెలిగింపవు. ఇష్టమైనది కొనుడు; బేరమాడక కొనుడు.

ఇక చివరి మాట. మన బడికి నాలుగు వీధుల అవతల ఒక కుమ్మరి తాత యున్నాడు. మేము ఈ బడికి వచ్చి ఇరువదిరెండేండ్లు. ప్రతి వినాయక చవితికి ప్రతిమయు, ప్రతి కార్తికమునకు ప్రమిదలును ఆయనవద్దనే తెప్పింతుము. మా లెక్కల పుస్తకమున “కుమ్మరి — 340 రూపాయలు” అని యున్నది గాని పేరు లేదు. ఇరువదిరెండు పుటలు తిరుగవేసితిమి, ఎక్కడను లేదు. ఆయన తమిళుడు. మన పెండ్లిండ్లకు ఐరేని కుండలు కూడ ఆయనయే చేయును. తమిళులకును అరసాణి పానైలు కలవు గనుక ఆ పని ఆయన కెఱుకయే. తెలుగు ముగ్గుల తీరు మాత్రము మన వీధి ముసలమ్మ యొకతె తనకు నేర్పినదని ఆయన చెప్పెను.

పిల్లలు పోయి పేరడుగగా ఆయన నవ్వి, “పేరెందుకమ్మా, కుండ కారకపోతే చాలదా?” అన్నాడట. తరువాత కొంతసేపటికి తానే పిలిచి పేరు చెప్పెను. టెలిఫోను సంఖ్య వేయవలదనెను; వేయలేదు. పిల్లలు బడి తరపున తెఱచిన పుటలో ఐరేని కుండల చిత్రములు ఆయన పేరుతో ఉంచగా, బెంగుళూరునుండి ఒక తెలుగు కుటుంబమువారు అయిదు కుండలు కోరిరి. పంపిన అయిదింటిలో మూడు పగిలినవి. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అను సామెత అర్థము ఆనాడు తరగతిగదిలో చెప్పకయే పిల్లలకు బోధపడినది. పిమ్మట ఆయన వరిగడ్డిలో పొదుగు విధము నేర్పెను. రెండవసారి ఒక్కటియు పగులలేదు.

పరభాషా ప్రాంతమున బ్రదుకు మనకు పేరు విలువ ఒకరు చెప్పవలెనా? ప్రతి జూన్ నెలలోను తెలుగు విభాగపు హాజరు పట్టీలో ఎన్ని పేర్లు చేరినవని మేము లెక్కించుకొందుము. చాలినన్ని పేర్లు లేనిచో తరగతి యుండదు. కుమ్మరి సారెకును అంతే. పలుకువారు లేని పేరు, పేరు లేని పని, రెండును ఒకనాడు నిశ్శబ్దముగా ఆగిపోవును.

లోపల నలుబదిమూడు వస్తువులున్నవి. ప్రతిదాని చెంతను ఒక చీటి యున్నది. తాత పేరు ఆయన ఐరేని కుండల చెంత వ్రాసియున్నది. మా నోట వినవలదు. పోయి మీరే చదువుడు. ఆయనయు అక్కడనే కూర్చుండి యున్నాడు. పేరుపెట్టి గారు చేర్చి పలుకరింపుడు. నిరుటి కూజా బొమ్మను గూడ గోడకు తగిలించితిమి. దాని క్రింది చీటి ఖాళీగా నున్నది. మీలో ఎవరైనను ఆ పేరు కనుగొనిన దినమున, మా గది తలుపు తట్టనవసరము లేదు. కలము తీసికొని నేరుగా ఆ చీటి నింపుడు.