బంతిని నేల తాకనివ్వని అమ్మాయి



మీ ఊరి బడి దగ్గర పిల్లలు వాలీబాల్ ఆడటం చూసే ఉంటారు. పొడుగువాళ్ళు వల దగ్గర ఎగిరి బంతిని బలంగా కొడతారు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. మరి అవతలివాళ్ళు కొట్టిన బంతిని ఆపేదెవరు?

అందుకోసమే జట్టులో ఒకరుంటారు. ఆ మనిషిని 'లిబెరో' అంటారు. చొక్కా రంగు వేరు. వెనక వరసలోనే ఆడాలి. వల మీదుగా ఎగిరి కొట్టకూడదు. 1998లో ప్రపంచ పోటీల్లోకి ఈ పద్ధతి వచ్చింది.

అమెరికా అమ్మాయి జస్టిన్ వాంగ్-ఒరాంటెస్ ఇలాంటి ఆటగత్తే. ఎత్తు ఐదున్నర అడుగులే. వాలీబాల్‌లో అది పొట్టి కిందే లెక్క. నెబ్రాస్కా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడింది. 2015లో ఆ దేశపు కాలేజీ జట్లన్నిటిలో వాళ్ళ జట్టే గెలిచింది.

ఆమె పని చూడండి. బంతి దూసుకొస్తుంది. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ కలిపి దాన్ని పైకి లేపుతుంది. అవసరమైతే నేల మీద పడి మరీ లేపుతుంది. రెండో అమ్మాయి ఆ బంతిని అందిస్తుంది. మూడో అమ్మాయి కొడుతుంది. పాయింటు మాత్రం జట్టుది!

2021లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. ఆఖరి ఆటలో అమెరికా ఆడవాళ్ళు బ్రెజిల్‌ను 3-0తో ఓడించారు. వాలీబాల్‌లో వాళ్ళకదే మొదటి బంగారు పతకం. ఆ పోటీల్లో అందరికన్నా మంచి లిబెరోగా జస్టిన్‌నే ఎంచారు. 2024లో పారిస్‌లో ఇటలీ చేతిలో ఓడి, వెండి పతకం తెచ్చుకున్నారు. గెలుపైనా ఓటమైనా జట్టంతటిదీ.

ధాన్యం బస్తాలు లెక్కపెట్టేటప్పుడు నాట్లేసిన చేతులు ఎంతమందికి గుర్తొస్తాయి? ఈసారి ఆట చూస్తే, బంతి కొట్టినవాళ్ళనే కాదు, ముందు దాన్ని లేపినవాళ్ళనూ చూడండి. వాళ్ళకూ చప్పట్లు కొట్టండి.