మన వాకిట్లో వాటికీ చోటు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వచ్చిందంటే మనం థింసా ఆడతాం, డప్పులతో ఊరేగుతాం, జల్ జంగల్ జమీన్ అని గొంతెత్తి నినదిస్తాం. ఆ మాట మీకు కొత్తగా నేర్పక్కర్లేదు. అందుకే ఇవాళ అడవి సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ ఇంటి వెనకున్న పెరడు గురించి మాట్లాడదామని మా కమిటీ వాళ్లం అనుకున్నాం. పెరడు లేనివాళ్లకు వాకిలి. అదీ లేక విశాఖలో అద్దె గదిలో ఉండి చదువుకుంటున్నవాళ్లకు గోడ మీద రెండు కుండీలు.

మీ పెరట్లో గుమ్మడి పాదు ఉందనుకోండి. దానికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. తెల్లవారుతుండగా విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి. ఆ కొద్ది గంటల్లో మగ పువ్వు మీద వాలిన తేనెటీగ ఆడ పువ్వు మీద కూడా వాలితేనే పిందె నిలుస్తుంది. లేకపోతే పచ్చబడి రాలిపోతుంది. పిందె రాలితే ఎరువు చాలలేదంటాం, దిష్టి తగిలిందంటాం. ఈగ రాలేదని మాత్రం ఎవరూ అనరు. ఆనప, బీర, పొట్ల పాదులది మరో తీరు. వాటి పువ్వులు పొద్దు వాలాక విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి రాత్రి తిరిగే రెక్కల పురుగులు వస్తాయి. పెరట్లో బల్బు తెల్లవార్లూ వెలుగుతుంటే ఆ పురుగులు బల్బు చుట్టూనే తిరుగుతాయి. పని అయ్యాక లైటు ఆపేస్తే పాదుకూ మేలు, కరెంటు బిల్లుకూ మేలు.

వంగ పువ్వు ఇంకా చిత్రమైనది. దాని పుప్పొడి సన్నని గొట్టాల్లో ఉంటుంది, చివర చిన్న రంధ్రం. ఊపితే తప్ప రాలదు. గాలికి కొంత రాలుతుంది. తేనెటీగకు ఆ పువ్వును ఊపే విద్య రాదు. నల్ల తుమ్మెదకు వచ్చు. పువ్వును కాళ్లతో పట్టుకుని జుమ్మని ఒళ్లంతా అదిరిస్తుంది, పుప్పొడి జలజల రాలుతుంది. టమాటాకూ అది పనికొస్తుంది. మనం పాటల్లో పాడుకునే రేల పువ్వు దగ్గరికీ తుమ్మెద ఇందుకే వస్తుంది. వేసవిలో పూసిన రేల చెట్టు కింద నిలబడి చెవి పెట్టండి, ఆ జుమ్మనే చప్పుడు వినిపిస్తుంది.

మరి ఆ తుమ్మెద ఎక్కడుంటుంది? పాత దూలానికో, ఎండిన కొమ్మకో తొర్ర తొలుచుకుని అందులో పిల్లలను పెడుతుంది. తేనెపట్టు కట్టకుండా ఒంటరిగా బతికే చిన్న ఈగలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మట్టి గోడ కన్నాల్లో, కొన్ని ఉత్త నేలలో గూడు చేసుకుంటాయి. అమ్మమ్మల నాటి మట్టి గోడ, గడ్డి కప్పు, వెదురు దడి మన ఒక్కరికే ఇల్లు కాదన్నమాట. చూరులో పిచ్చుక, గోడలో ఈగ, దూలంలో తుమ్మెద ఉండేవి. పక్కా ఇల్లు వద్దని మేము అనడం లేదు. వానాకాలం కారే కప్పు కింద పడుకున్నవాళ్లెవరూ ఆ మాట అనరు. కానీ స్లాబు వేశాక వాకిలి మొత్తం కూడా సిమెంటు చేయాలా? ఓ మూల జానెడు నేల వదలండి. పాత దూలం ముక్క ఒకటి పొయ్యిలో పెట్టకుండా దడికి ఆనించండి. చేతికొచ్చిన సామ, కొర్ర, చోడి కంకులు నాలుగు కట్టగట్టి చూరుకు వేలాడదీయండి. పిచ్చుకకు ఆ పాటి గుర్తు చాలు.

ఇప్పుడు వలిసెల సంగతి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి అరకు, పాడేరు వైపు పొలాలు పసుపు పచ్చగా మారిపోతాయి. పట్నం వాళ్లు ఫొటోల కోసం కార్లేసుకుని వస్తారు. కొన్నిచోట్ల రైతులు టికెట్ కూడా పెట్టారు, మంచిదే. కానీ వలిసె పువ్వుకు సొంత పుప్పొడితో గింజ సరిగ్గా పట్టదు. పక్క మొక్క పుప్పొడి తేనెటీగే మోసుకురావాలి. ఈగ రాని చేనులో తాలు ఎక్కువ, నూనె తక్కువ. వలిసె పూసేది నెల, నెలన్నర. మిగతా పది నెలలు ఆ ఈగ ఏం తిని బతకాలి? మన ఇళ్ల చుట్టూ ఉండే చెట్లూ మొక్కలూ ఆ ఖాళీ నెలలు నింపాలి. మేము ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఇదే.

మాఘ, ఫాల్గుణాల్లో బూరుగు, మోదుగ. వాటికి గోరింకలు, తేనెపిట్టలు కూడా దిగుతాయి. ఆ తర్వాత నేరేడు, కానుగ. ఇప్ప పువ్వు తినడానికి రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి, పండ్లు తిని గింజలు దూరంగా జారవిడుస్తాయి. ఎండలు ముదిరాక రేల. వానల్లో మన పాదులు, గట్ల మీద తుమ్మి. తుమ్మిని కలుపని పీకేస్తాం గానీ, ఉదయం పూట దాని తెల్ల పువ్వుల మీద ఎన్ని రకాల ఈగలు వాలతాయో ఒక్కసారి కూర్చుని లెక్కపెట్టండి. కుండీలవాళ్లకు తులసి చాలు, వెన్ను పూసేదాకా తుంచకుండా ఉంచాలి. మందారమైతే రేక మందారం పెట్టండి. ముద్ద మందారం చూడ్డానికి బాగుంటుంది, తేనెపిట్టకు దానిలో దొరికేది తక్కువ.

పువ్వు ఒక్కటే చాలదు, ఆకు కూడా కావాలి. ఇక్కడే చాలామంది మాతో గొడవపడతారు. కరివేపాకు మీద, నిమ్మ మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగు పాకుతుంటుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. చూడగానే నలిపేస్తాం. అది నల్ల రెక్కల పెద్ద సీతాకోకచిలుక బిడ్డ. రేల ఆకు తిని పెరిగేవి లేత పసుపు సీతాకోకలు, జిల్లేడు ఆకు తినేవి నారింజ రంగువి, ఈశ్వరి తీగ మీద పెరిగేవి నలుపూ ఎరుపూ. వాటిలో కొన్ని పిట్టల నోట్లోకి పోతాయి. పోనివ్వండి. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకు పురుగులే పెడుతుంది. ఆకు చిరగని పెరట్లో పిట్ట పిల్లకు తిండి ఉండదు.

కొండల నిండా పాకిన లాంటానా పువ్వు మీద సీతాకోకలు వాలుతున్నాయి కదా అని ఒక చెల్లెలు అడిగింది. నిజమే, తేనె తాగుతాయి. కానీ అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ పొద ఆకును మన సీతాకోకల పిల్లలు తినవు. పైగా అది అల్లుకున్న చోట మన మొక్క మొలవదు. దాన్ని ఇంటికి తేవద్దు. అడవిలోంచి మొక్క పెరికి తేవడం కూడా వద్దు, గింజ తెచ్చుకోండి. గింజ తెచ్చేటప్పుడు ఆ మొక్కను కువిలో, ఆదివాసీ ఒడియాలో, మీ ఇంటి భాషలో ఏమంటారో అవ్వను అడిగి ఫోనులో రికార్డు చేయండి. ఆ పేర్లు చాలావాటిని ఇంకా ఎవరూ రాసిపెట్టలేదు.

పొద పెరిగితే పాములొస్తాయని ఇంట్లో అంటారు. ఆ భయం తీసిపారేసేది కాదు. గుమ్మానికి, మంచానికి దగ్గర ఊడ్చి శుభ్రంగా ఉంచండి, మొక్కలు దడి వైపు పెట్టండి. నీళ్ల మూకుడు పెడితే రెండ్రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు. ఆ మూకుడు పక్కన ఉండేలు పట్టుకుని కూర్చునే తమ్ముళ్లు కూడా ఉన్నారు, వాళ్లెవరో మాకు తెలుసు! పూతలో ఉన్న చేనుకు మందు కొట్టవద్దు. కొట్టక తప్పకపోతే ఈగలు వెళ్లాక, సాయంత్రం కొట్టండి.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బల్ల మీద రేల కాయలున్నాయి, తలొకటి తీసుకోండి. లోపలి గింజ చాలా గట్టిది, అలాగే పాతితే నెలల తరబడి మొలవదు. గరుకు రాయి మీద ఒక పక్క కొంచెం అరగదీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వేలి గోరంత లోతున పెట్టండి. వానలున్నాయి కాబట్టి నీళ్లు పోసే పని కూడా లేదు. మేకలకు మాత్రం కంచె కట్టండి.