కొట్టేసిన లెక్క కింద
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున మన బడి తమ్ముడొకరు తన కొడుకును నా దగ్గరకు తీసుకొచ్చాడు. బీటెక్ అయింది, సీజీపీఏ 6.1. "పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తానంటున్నాడు. ఈ మార్కులకు ఎవరిస్తారన్నా?" అన్నాడు. పిల్లవాడు తల వంచుకొని నిలబడ్డాడు. అందుకే రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, నా మార్కుల సంగతి చెబుతాను.

ఇక్కడ 1986లో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన నేను, సివిల్ ఇంజనీరింగ్ నుంచి 54 శాతంతో బయటపడ్డాను. మూడో ఏడాది రెండు సబ్జెక్టులు తప్పాను. అందులో ఒకటి ఫ్లూయిడ్ మెకానిక్స్. తర్వాత నా బతుకుతెరువంతా నీళ్ల పనే!

ఉద్యోగం మన నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే 'నల్లగొండ పద్ధతి'ని నీరి శాస్త్రవేత్తలు రూపొందించారు. పద్ధతి పనిచేస్తుంది. కానీ నేను చూసిన ఊళ్లలో ట్యాంకులు కొన్నాళ్లకే మూలపడేవి. పటికకు డబ్బెవరివ్వాలి? నీటిని బట్టి మోతాదు ఎవరు కొలవాలి? అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలి? వీటికి నా ఇంజనీరింగ్ పుస్తకాల్లో జవాబు లేదు. సాంకేతికతనూ ప్రభుత్వ విధానాన్నీ కలిపి నేర్పే చదువు అమెరికాలో ఉందని అప్పుడే తెలిసింది.

1998లో అయిదు చోట్లకు దరఖాస్తు పెట్టాను. అయిదూ తిరిగొచ్చాయి. ఆ ఎండాకాలం ఊరికొచ్చి, రాసిన స్టేట్‌మెంట్ మన లెక్కల సారుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి అన్నారు: "ఇందులో జ్వరముంది, కాలేజీ ఉంది, పేపర్లు దిద్దినవాడున్నాడు. నువ్వెక్కడున్నావురా?"

ఆయన క్లాసులో రబ్బరు వాడనిచ్చేవారు కాదని మీకందరికీ గుర్తే. తప్పిన లెక్కను ఒక్క గీతతో కొట్టేసి, కింద మళ్లీ చేయాలి. తప్పు కనబడాలి, సరైనదీ కనబడాలి. "ఇక్కడా అంతే" అన్నారు.

ఆ ఏడాది నేను చేసింది అదే. మార్కుల గురించి మూడే వాక్యాలు రాశాను: ఈ రెండు తప్పాను, చదవకపోవడం వల్ల తప్పాను, చివరి ఏడాది 66 శాతం తెచ్చుకున్నాను. మిగతా పేజీ అంతా పటిక, మోతాదు, మడ్డి. సాయంత్రాలు స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివి పరీక్షలు రాశాను. జీఆర్ఈ మళ్లీ రాస్తే లెక్కల్లో 800కు 780 వచ్చింది. నా రోల్ నంబరు మాత్రమే తెలిసిన ప్రొఫెసరు బదులు, పద్నాలుగు ఊళ్ల నీటి పరీక్షల రిజిస్టరు నా చేత రాయించిన ఇంజనీరు గారిని సిఫారసు లేఖ అడిగాను. ఈసారి నాలుగింట మూడు కాదన్నాయి. ఒకటి రమ్మంది, ఆర్థిక సాయం లేకుండా. నాన్న ఎకరం అమ్మారు. ఆ మాట దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

ఇప్పటి పిల్లలకు దారులు ఎక్కువ. అమెరికాలో ఎంఐటీ, కార్నెగీ మెలన్, నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ ఉన్నాయి. మన దేశంలో ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఢిల్లీల్లోనూ పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. కొన్నిచోట్ల కనీస జీపీఏ నిబంధన ఉంటుంది. 4కు 3 అన్నది అమెరికాలో తరచూ కనిపించే గీత. అది దాటరాని గీతా, సూచనేనా అని ఫీజు కట్టకముందే రాసి అడగండి. మీ సీజీపీఏను మీరే 4కు మార్చుకొని భయపడకండి, ఆ లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. గణితంలో గ్రేడు తగ్గితే, ఎన్‌పీటెల్‌లో స్టాటిస్టిక్స్ చేసి, సెంటరుకు వెళ్లి పరీక్ష రాసి, ఆ మార్కు జత చేయండి. మాటల కన్నా అది గట్టి సాక్ష్యం. అన్నీ చేసినా రాకపోవచ్చు. అప్పు చేసి వెళ్లేముందు ఇంట్లో కూర్చొని లెక్క వేసుకోండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మనం ఏటా ఇచ్చే బహుమతులన్నీ మొదటి ర్యాంకులకే. ఒకటి, తప్పి మళ్లీ నిలబడిన పిల్లకో పిల్లాడికో ఇద్దాం. మొదటి అయిదేళ్లు ఆ ఖర్చు నాది. సారు పేరు మీద ఇద్దాం.

పొద్దున వచ్చిన అబ్బాయి వెనక వరుసలో ఉన్నాడు. బాబూ, భోజనాలయ్యాక మార్కుల మెమోలన్నీ పట్టుకొనిరా. తప్పినవి కూడా.

సెలవు.