ఇంటిలో సాకువారికి పంచాయతీ తోడు
(సికింద్రాబాదులో పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



వికలాంగులైన బిడ్డలను, తోబుట్టువులను ఏండ్ల తరబడి సాకుచున్న తల్లులు, అక్కలు మన గ్రామములలో ఎందరో గలరు. వారు ఏ సభకును రారు, ఏ కచేరి గడపయు త్రొక్కరు. బిడ్డను ఒంటరిగా విడిచి, సదరం శిబిరమునకు తేదీ తీసికొనుటకై మీ-సేవకు పోవుట యెట్లు? సహాయము ఎవరి కొఱకు ఏర్పడినదో వారికే అది దూరమగుచున్నది.

తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు రు. 4,016 అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రు. 6,000కును, మంచము పట్టినవారికి రు. 15,000కును పెంచిరి. ఈ సొమ్ము వికలాంగుని పేరనే వచ్చును గాని సాకువారి పేర రాదు. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 24వ సెక్షనులో, అధిక సహాయము కావలసినవారికి సంరక్షకుల భత్యము కూడ పథకములలో నుండవలెనని యున్నది. దానిని కోరుచు గ్రామసభలు తీర్మానములు చేయుట మంచిదని మా అభిప్రాయము.

మరియొక చిక్కు గలదు. బుద్ధిమాంద్యము గల బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన పిదప, కన్నతల్లియు చట్టరీత్యా తనంతట సంరక్షకురాలు కాజాలదు. బ్యాంకులో సంతకము అడిగిననాడు గాని ఈ సంగతి తెలియదు! 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, జిల్లాలోని స్థానిక సంఘమునకు దరఖాస్తు చేసి సంరక్షకత్వము పొందవలెను. ఆ ట్రస్టు వారి నిరామయ బీమా క్రింద వైద్యమునకు ఏడాదికి లక్ష రూపాయల వరకు లభించును.

ఈ సికింద్రాబాదులోనే, మనోవికాస నగర్‌లో, బుద్ధిమాంద్యము గలవారి కొఱకు 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ యున్నది. అచ్చట బిడ్డను పరీక్షించుటయే గాక తల్లిదండ్రులకు శిక్షణ నిత్తురు. నేర్పునవి చిన్న పనులే: తనంత తాను అన్నము తినుట, చొక్కా తొడుగుకొనుట. అవి బిడ్డకు పట్టుబడినచో తల్లికి దినమునకొక గంట మిగులును. ఆ గంట విలువ ఆమెకే తెలియును. ఇట్టి బిడ్డకును, వెంట వచ్చు ఒకరికిని రైలు ఛార్జీలో రాయితీ గలదు. నిర్ణీత నమూనాలో వైద్యుని ధ్రువపత్రము ఉండవలెను.

కావున మీరు ముందు ఇంటింటికి పోయి, సాకువారెవరో, వారి తరువాత చూచువారెవరో వ్రాసికొనుడు. తాత్కాలిక ధ్రువపత్రములున్నచో గడువు తేదీని ప్రక్కన వేయుడు. శిబిరము నాడు బండి కుదుర్చుట, ఇంటిలో మిగిలిన ముసలివారిని కనిపెట్టుటకు ఒకరిని నిలుపుట మీ పని. సర్పంచి ఇంటి ముందున్న ఆటోయైనను చాలును.