పరాయి యంత్రంపై యూనిక్స్ ప్రోగ్రాములు

పి. గన్నవరంలో డొక్కా సీతమ్మగారి పేరిట ఉన్న అక్విడెక్టు మీదుగా గోదావరి కాలువ వైనతేయను దాటి నాగరం లంకకు పోతున్నదని కోనసీమ శ్రోతలు ఎరుగుదురు. అక్కడ నదిని మళ్లించలేదు, కాలువను ఆపలేదు. రెంటికీ పొత్తు కుదిర్చే కట్టడం ఒకటి లేచినది. కంప్యూటర్లలోనూ అటువంటి కట్టడాలు ఉన్నవి.

కంప్యూటరు పనులన్నిటినీ నడిపే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. యూనిక్స్ అనే అటువంటి వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పుట్టి, విశ్వవిద్యాలయాలలో పెరిగినది. దానికొరకు వ్రాసిన ప్రోగ్రాములు అనేకం సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతున్నవి. అయితే అమలాపురంలోనో రాజోలులోనో ఇంట ఉన్న ఒక్క కంప్యూటరులో విండోస్ మాత్రమే గల విద్యార్థికి అవి నేరుగా అక్కరకు రావు. ఫైలు తెరవాలన్నా, మరొక పని ఆరంభించాలన్నా ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగవలసినదే. ఆ అడిగే తీరు యూనిక్స్‌లో ఒకటి, విండోస్‌లో వేరొకటి.

ప్రోగ్రామునే తిరగ వ్రాయరాదా? వ్రాయవచ్చును. కాని ఆనాటినుంచి రెండు ప్రతులను పోషించాలి. ఒకదానిలో దిద్దిన తప్పు రెండవదానిలో మిగిలిపోతుంది. ఈ చిక్కు లేకుండా 1995లో సిగ్నస్ సంస్థకు చెందిన స్టీవ్ చాంబర్లేన్ సిగ్విన్ అనే లైబ్రరీకి శ్రీకారం చుట్టాడు. యూనిక్స్ తీరున అడిగినదానిని విండోస్‌కు తెలిసే తీరులోనికి మార్చి అందించడమే దాని పని. యూనిక్స్‌పై సిద్ధమైన ప్రోగ్రామును తెచ్చిపెడితే మాత్రం నడవదు. సోర్స్ కోడ్‌ను ఇక్కడ మళ్లీ కంపైల్ చేయాలి.

దీనికి మూల్యం లేకపోలేదు. యూనిక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాము తన ప్రతిరూపాన్ని తానే సృష్టించుకోగలదు. దానిని ఫోర్క్ అంటారు. సాధారణ విండోస్ ప్రోగ్రాములకు ఆ సదుపాయం లేదు. కనుక సిగ్విన్ కొత్త ప్రోగ్రామును ఆరంభించి, పాతదాని మెమరీని అందులోనికి నకలు చేస్తుంది. చిన్న చిన్న ఆజ్ఞలను వందలుగా పుట్టించే స్క్రిప్టులు అందువల్లనే నత్తనడక నడుస్తవి. ఇంకొక తంటా, మన లిపిలో లేని పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం. ఆ భేదం ఒక్కటే ఉన్న రెండు పేర్లు యూనిక్స్‌కు రెండు ఫైళ్లు. విండోస్‌కు సాధారణంగా ఒకటే. ఒకటి రెండవదానిని తుడిచివేయనూవచ్చు.

2016లో మైక్రోసాఫ్ట్ వారే యూనిక్స్ కోవకు చెందిన లినక్స్ ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేయకుండానే విండోస్‌పై నడిపే ఏర్పాటు చేశారు. 2019లో వెలువరించిన రెండవ రూపంలో అసలు లినక్స్ కెర్నెల్‌నే లోపల నిలిపారు. ఇది దుబాసీని పెట్టుకోవడం కాదు, పొరుగువానిని ఇంట కాపురం పెట్టించడం! మెమరీ తక్కువగల పాత యంత్రానికి ఆ కాపురం భారం, సిగ్విన్ తేలిక. తాను చేసిన ప్రోగ్రామును విండోస్ మాత్రమే ఉన్న మిత్రులకు పంచదలచిన విద్యార్థికి ఈ రెండూ గాక, విండోస్‌ను నేరుగా అడిగే ప్రోగ్రాములను తయారుచేసే మింగ్‌డబ్ల్యూ సాధనాలు మేలు. అప్పుడు ఫోర్క్‌ను విడిచి, ఆ కొద్ది భాగాన్ని తానే తిరిగి వ్రాసుకొనవలసి ఉంటుంది.